పట్టికలో లేని పీడనం

మా ఎ.కొండూరు అడ్డరోడ్డులో బత్తాయిలు పేర్చే తీరు గమనించండి. కింది వరసలో మూడు కాయల నడుమ పల్లంలో పైకాయ కూర్చుంటుంది. లోహాల్లో పరమాణువుల సన్నిహిత కూర్పు కూడా అలాంటిదే. అందులో నూటికి 74 వంతుల చోటు నిండుతుంది. ఎనిమిది మూలలా ఎనిమిదీ, నడిమధ్య ఒకటీ ఉండే అంతఃకేంద్రిత ఘనంలో నిండేది 68 వంతులే.

ఇనుము, సోడియం, సీజియం అంతఃకేంద్రితం; రాగి, అల్యూమినియం ఫలకకేంద్రితం. ఈ పట్టికను ఎక్కాల్లా బట్టీపట్టి పరీక్షలో అప్పజెప్పి వస్తున్నాం. ఏ పీడనం దగ్గర అని అడిగేవారు లేరు, చెప్పేవారూ లేరు. నా ఫిర్యాదల్లా అదే.

లోహానికి దాని కూర్పు పుట్టుమచ్చ కాదు. సుమారు 23 వేల వాతావరణాల పీడనంలో సీజియం ఫలకకేంద్రితమవుతుంది. సుమారు లక్షా 30 వేల దగ్గర ఇనుము షట్కోణ సన్నిహిత కూర్పులోకి మారుతుంది. "నొక్కితే దగ్గరపడతాయి, బత్తాయి లెక్కే గదా!" అంటారేమో. సోడియం ఆ లెక్కను తారుమారు చేసింది. సుమారు ఆరున్నర లక్షల దగ్గర బుద్ధిగా ఫలకకేంద్రితమైంది. పది లక్షలు దాటాక ఆ సన్నిహిత కూర్పునే వదిలేసింది. 2009లో వెలువడిన ప్రయోగ ఫలితాల్లో, 20 లక్షల దగ్గర పారదర్శకమై, లోహ లక్షణాన్నే పోగొట్టుకుంది! అంత ఒత్తిడిలో వెలుపలి ఎలక్ట్రాన్లు పరమాణువుల నడుమ ఖాళీల్లో చిక్కుకుపోతాయి. కూర్పును తేల్చేది చోటొక్కటే కాదు, ఎలక్ట్రాన్ల శక్తి కూడా. బత్తాయికి ఆ బాధ లేదు.

ఇంతటి పీడనాన్ని పుట్టించేది రెండు వజ్రాల మొనలు. కొల్లూరు, పరిటాల వజ్రాలకు పేరుపడ్డ కృష్ణాతీరం మనది. స్ఫటిక సౌష్ఠవం గురించి 1966లో గ్రంథం వెలువరించిన సూరి భగవంతం గారు 1909లో పుట్టింది మాకు దగ్గరి ఆగిరిపల్లిలోనే. అటువంటి గడ్డ మీద పుట్టి మనం పట్టికలు వల్లించి ఊరుకోవడం న్యాయమా?

ఉన్న సిలబస్సే మోయలేకపోతున్నాం, మళ్లీ ఇదొకటా అని మిత్రులు విసుక్కోవచ్చు. నేనడిగేది కొత్త పాఠం కాదు. పట్టిక నెత్తిన "సాధారణ పీడనం వద్ద" అన్న ఒక్క ముక్క, దాన్ని విప్పిచెప్పే ఒక్క గంట. భూకేంద్రం దగ్గర ఘనరూపంలో ఉన్న ఇనుము మీద 33 లక్షల వాతావరణాలకు పైబడిన పీడనం ఉంది. మన పట్టికలోని జవాబు దానికి వర్తించదు. కాళ్ల కిందనున్న ఇనుము గురించే చెప్పలేని జవాబుకు పూర్తి మార్కులు వేయించుకుని మురిసిపోతే ఎలా?