మందుల ట్యాంకుకున్న విలువ మన ఆడబిడ్డల కడుపుకు లేదా?



ముందుగాల ఒక లెక్క చేద్దాం. కుటుంబ నియంత్రణ శిబిరంలో చేసే డీపీఎల్ ఆపరేషన్ మీకందరికీ తెలుసు. కడుపుకు చిన్న రంధ్రాలు పెట్టి, లాపరోస్కోప్ అనే సన్నటి గొట్టం లోపలికి పంపి, గర్భనాళాలకు రింగులు వేస్తరు. చేయి తిరిగిన డాక్టర్‌కు కొన్ని నిమిషాల పని. కానీ ఆ గొట్టం ఒకామె కడుపులోంచి వచ్చి ఇంకొకామె కడుపులోకి పోయే ముందు దాన్ని విప్పి, నెత్తురు పోయేదాకా బ్రష్‌తో కడగాలె. తర్వాత 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెట్టాలె. ఆసుపత్రుల్లో దాన్ని సైడెక్స్ అంటరు. ఆ మందు పోయేటట్టు స్టెరైల్ నీళ్లతో మళ్లీ జాడించాలె. ఎంత తొందరపడ్డా అరగంట. 34 మందికి ఒక్క గొట్టమే ఉంటే కడుగుడుకే 17 గంటలు. మూడు గొట్టాలున్నా దగ్గర దగ్గర ఆరు గంటలు. ఒక గొట్టంతో రోజుకు 10 మందికి, ఒక డాక్టర్ రోజుకు 30 మందికి మించి చేయొద్దని కేంద్ర ప్రభుత్వం నిబంధన పెట్టిందంటే ఊరికే పెట్టలేదు.

34 అనేది నేను ఉత్తగ అనుకున్న సంఖ్య కాదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్ చేసిండ్రు. కొద్దిరోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయిండ్రు. మిగతావాళ్లను పరీక్షించి, చాలామందిని హైదరాబాద్‌కు తరలించి నిమ్స్‌ల, అపోలోల చేర్పించిండ్రు. విచారణ జరిగింది. ఇన్ఫెక్షన్ అన్నరు, పరికరాల శుద్ధిలో నిర్లక్ష్యం అన్నరు. 13 మంది మీద చర్యలు తీసుకున్నరు. చనిపోయినోళ్ల కుటుంబాలకు 5 లక్షలు, డబుల్ బెడ్రూం ఇల్లు ప్రకటించిండ్రు. పేపర్లల్ల వార్త అయిపోయింది.

ఆ ఆసుపత్రి జిల్లా లెక్కన రంగారెడ్డిదే కావచ్చు, మనకు మాత్రం పరాయిది కాదు. హైదరాబాద్ నుంచి సాగర్ రోడ్డు మీద దేవరకొండకు పోయే బస్సు ఇబ్రహీంపట్నం మీదుగనే పోతది. మంచాల, మాడ్గుల వైపు పల్లెలకు, తండాలకు దిక్కు ఆ ఆసుపత్రే. ఆ బల్ల మీద పడుకునేది ఎవరి ఆడబిడ్డలో మీకు నేను చెప్పాలా?

ఇప్పుడు మిమ్మల్ని ఇంకో చోటికి తీసుకపోతా. జడ్చర్ల దగ్గరి పోలేపల్లి. 2003 తర్వాత పోలేపల్లి, ముదిరెడ్డిపల్లి, గుండ్లగడ్డ తండాల చిన్న రైతుల భూములు పరిశ్రమల పేరుతో తీసుకున్నరు. ఎకరాకు ఇచ్చింది వేలల్లోనే. తర్వాత అది ఫార్మా సెజ్ అయింది. భూమి పోయినోళ్లు కొట్లాడిండ్రు, ఎన్నికల్లో నామినేషన్లు కూడా వేసిండ్రు. ఆ కథ మన పెద్దోళ్లకు ఇంకా యాదికుంది.

బీఎస్సీ కెమిస్ట్రీ అయినంక నేను ఒక మందుల ఫ్యాక్టరీల కాంట్రాక్టు మీద పనిచేసిన. ఏ ఫ్యాక్టరీ అనేది ఇక్కడ అవసరం లేదు. నా డ్యూటీ కడిగే కాడనే. కాకపోతే నేను చేత్తో కడిగేది తక్కువ, కడిగేది మిషనే. సీఐపీ అంటరు, ట్యాంకును విప్పకుండా ఉన్నచోటనే కడిగే పద్ధతి. ట్యాంకు లోపల పైన చిల్లుల బంతి ఒకటి ఉంటది. బటన్ నొక్కితే ముందు నీళ్లు, తర్వాత వేడి కాస్టిక్ సోడా, మళ్లీ నీళ్లు, చివరికి శుద్ధి చేసిన నీళ్లు దాంట్లోంచి నాలుగు దిక్కులా కొడతయి. బయటికొచ్చే నీళ్లల్ల కరెంటు ఎంత పారుతుందో సెన్సార్ చూస్తది. సబ్బు రవ్వంత మిగిలినా చెప్తది. వేడి చాలకపోతే, నీళ్ల వేగం తగ్గితే మిషన్ ముందుకు పోదు, అలారం కొడుతది. అన్నీ అయినంక టైముతో సహా ప్రింట్ వస్తది. దాని మీద ఇద్దరు సంతకం పెట్టాలె. 'క్లీన్డ్' అని తారీఖు వేసిన లేబుల్ కట్టినంకనే ఆ ట్యాంకులో వేరే మందు వేయాలె.

ఒకరోజు రాత్రి షిఫ్టుల పరీక్ష పెట్టిండ్రు. రైబోఫ్లావిన్ కలిపిన పచ్చటి నీళ్లు ట్యాంకు లోపలంతా జల్లిండ్రు, మిషన్‌తో కడిగించిండ్రు, లైట్లన్నీ బంద్ చేసి యూవీ దీపం వేసి చూసిండ్రు. ఒక మూలకు, వెల్డింగ్ కాడ, గోరంత మరక మెరిసింది. మా ఇంజనీర్ సారు ఆ గోరంత మరక కోసం బంతి కోణం మార్పించి, తెల్లారేదాకా మళ్లీ మళ్లీ కడిగించిండు. ముందు చేసిన మందు తర్వాతి మందులో పది లక్షల్లో 10 భాగాలు దాటొద్దట. స్టీలు మీద దూది పుల్ల రుద్ది ల్యాబ్‌కు పంపుతరు. ఎందుకింత? ఆ గోలీ పోయేది అమెరికాకు. అమెరికా ఎఫ్‌డీఏ వాళ్లు వచ్చి మొదట అడిగే కాగితాల్లో కడిగిన రికార్డు ఒకటి.

అది తప్పని అంటలేను. మందు అట్లనే చేయాలె. ఎవరు మింగినా అట్లనే చేయాలె.

ఫ్యాక్టరీ పని బంద్ చేసినంక మా వదినను ఆపరేషన్‌కు తోలుకపోయిన. మా అన్నకు వేసక్టమీ చేయించుకోమని చెప్తే నవ్విండు. (మగోళ్లది ఇంకా చిన్న ఆపరేషన్, కడుపులకు ఏ గొట్టమూ పోదు. అయినా మన పెంటల్ల, తండాల్ల మగోళ్లం ఒక్కరమూ పోం. ఇది సర్కారు తప్పు కాదు, మనది.) ఆసుపత్రి పేరు రాయను. వరండాల చాపల మీద ఆడోళ్లు వరుసగ కూర్చున్నరు. థియేటర్ పక్క గదిల సింకు, ఒక బకెట్, నీలం రంగు ట్రే. సిస్టర్ ఒక్కామే గొట్టం కడుగుతున్నది. ఫ్యాక్టరీ అలవాటు కదా, నోరు ఊరుకోలేదు, అడిగిన.

"సిస్టర్, ఇరవై నిమిషాలు పెడ్తున్నరా?"

ఆమె నా మొఖం చూసింది. కోపానికి రాలేదు. "గొట్టాలు రెండే ఉన్నయి తమ్ముడూ. లోపలికెల్లి సారు పిలుస్తనే ఉంటరు. నువ్వే చెప్పు, ఎట్ల పెట్టాలె?"

మా వదినకు ఏం కాలేదు, బాగనే ఉంది. కానీ ఆ సిస్టర్ మాట నన్ను ఇడిచిపెడతలేదు. ఫ్యాక్టరీల మేనేజర్ ఎంత తొందరపెట్టినా మిషన్ వినదు. టైము కాంది, వేడి రాంది తలుపు తెరవదు. ఇక్కడ ఆ తలుపు ఒక నర్సు. ఆమెను పిలవొచ్చు, తిట్టొచ్చు, మెమో ఇవ్వొచ్చు, ఆఖరికి సస్పెండ్ చేయొచ్చు. 20 నిమిషాల్ని 5 నిమిషాలు చేయమని ఆమె మీద ఒత్తిడి పెట్టొచ్చు. మిషన్ మీద పెట్టలేరు.

ఆసుపత్రి పరికరాలకు కూడా అటువంటి మిషన్లు ఉన్నయి, కొత్తగ కనిపెట్టాల్సిన పని లేదు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో సీఎస్ఎస్‌డీ అనే విభాగం ఉంటది, అక్కడ వాషర్ డిసిన్ఫెక్టర్ ఉంటది. సన్నటి గొట్టాల్లోకి నేరుగా నీళ్లు కొట్టే నాజిల్స్ దాంట్ల ఉంటయి. ముందు చల్ల నీళ్లు, ఎందుకంటే వేడి తగిలితే నెత్తురు గడ్డకట్టి లోపల అంటుకుంటది. తర్వాత సబ్బు ద్రావణం, తర్వాత 90 డిగ్రీల నీళ్లు, తర్వాత ఆరబెట్టుడు. ఆ తర్వాత ఆటోక్లేవ్ ఆవిరి, 121 డిగ్రీలైతే కనీసం 15 నిమిషాలు, 134 అయితే మూడు నాలుగు నిమిషాలు. వేడి తట్టుకోని స్కోపులకు వేరే పద్ధతి ఉంది, వేడి తట్టుకునే స్కోపులు కూడా దొరుకుతున్నయి. సైన్స్ చదివిన తమ్ముళ్లు ఒకటి యాదుంచుకోండి. నెత్తురు పోకుండా సైడెక్స్‌ల ముంచితే సైడెక్స్ ఆ నెత్తురును ఇంకా గట్టిగ అతికిస్తది, దాని కింద క్రిమి బతికే ఉంటది. అంటే అసలు పని ముంచుడు కాదు, కడుగుడు. మన దగ్గర ఎవరూ లెక్కచేయనిది ఆ కడుగుడునే.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. "ఊర్లల్ల కరెంటు ఉండదు, మిషన్ ఇస్తే మూలకు పడి తుప్పు పడతది." మూలకు పడ్డ ఎక్స్‌రే మిషన్లు నేనూ చూసిన. అవి ఎందుకు పడ్డయి? నడిపే టెక్నీషియన్ పోస్టు భర్తీ చేయక, మరమ్మతు కాంట్రాక్టు రెన్యూవల్ చేయక. ఆ తప్పు మనదా? సరే, ప్రతి ఆసుపత్రిలో మిషన్ పెట్టలేమంటరా? నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో, నాగర్‌కర్నూల్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చినయి. అక్కడ పెద్ద సీఎస్ఎస్‌డీ నడిపి, దేవరకొండకు, అచ్చంపేటకు శుద్ధి చేసిన సెట్లు సీల్ వేసి వ్యాన్‌ల పంపండి, వాడినవి వాపస్ తీసుకపోండి. ఒక్కో సెట్ ఒక్కరికే. పది సెట్లు వస్తే పది ఆపరేషన్లు. పదకొండో ఆమె రేపు వస్తది, ఆమెను మేమే తోలుకొస్తం.

"మిషన్ పెట్టినా మనిషి నిర్లక్ష్యం చేస్తే?" అని ఇంకొకరు అంటరు. నిజమే. మిషన్‌ల పెట్టే ముందు బ్రష్ పట్టేది మనిషే. అందుకే మిషన్ ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. టార్గెట్ కూడా పోవాలె. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక్క శిబిరంలో ఒకే డాక్టర్ కొన్ని గంటల్లో 83 మందికి చేసిండు. ఆ జిల్లాల ఆ వారం శిబిరాలకు పోయినోళ్లల్ల 13 మంది చనిపోయిండ్రు. బైగా ఆదివాసీ ఆడవాళ్లకు కూడా ఆపరేషన్ చేసిండ్రు, ఆ జాతికి చేయొద్దని 1979 నాటి ఉత్తర్వు ఉండంగ. గొట్టం నుంచి ఇన్ఫెక్షన్ అని కొందరన్నరు, ఇచ్చిన గోలీల్లో ఎలుకల మందు కలిసిందని అధికారులు అన్నరు. ఏది నిజమైనా మనకు అర్థమయ్యేది ఒకటే. పేదోళ్ల కోసం కడిగిన గొట్టం మీదా నమ్మకం లేదు, పేదోళ్ల కోసం చేసిన గోలీ మీదా నమ్మకం లేదు.

2016 సెప్టెంబర్ 14న దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్లలో ఆపాలని చెప్పింది. అంటే 2019కి. ఇబ్రహీంపట్నం జరిగింది 2022ల.

అందుకే నాకు ఆ 13 మంది మీద చర్యల జాబితా చదివితే తృప్తి లేదు. తప్పు చేసినోళ్లకు శిక్ష పడాలె, అడ్డం లేదు. కానీ ఒక్కరోజే 34 మందిని బల్ల మీదికి పంపే పద్ధతికి ఎవరి సంతకం ఉంటది? ఆ సంతకానికి ఏ మెమో వచ్చింది?

ఇప్పుడు చేసే పని చెప్తా. మీ ఏరియా ఆసుపత్రి, మీ సీహెచ్‌సీ పేరు మీద సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు కూడా లేదు. ఎన్ని లాపరోస్కోపులు ఉన్నయి, పోయిన ఏడాది ఏ తారీఖున ఎంతమందికి డీపీఎల్ చేసిండ్రు అని అడగండి. రెండు సంఖ్యలు పక్కపక్కన పెడితే జవాబు మీకే తెలుస్తది. ఆటోక్లేవ్ రికార్డు పుస్తకం నకలు అడగండి. వాషర్ ఉందా, ఉంటే నడుస్తుందా, నడిపేది ఎవరు అని అడగండి. నర్సులతోని గొడవ పెట్టుకోకండి, వాళ్లను మన దిక్కు తెచ్చుకోండి. నాకు నిజం చెప్పింది నర్సే.

నేను నా దరఖాస్తు మొన్ననే పెట్టిన. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె. మా వదిన వాళ్ల చెల్లెలికి వచ్చే నెల ఆపరేషన్ తారీఖు ఇచ్చిండ్రు. ఆమె ఆ బల్ల ఎక్కకముందే నాకు ఆ కాగితం కావాలె.