జబ్బ నొప్పి దాచకండి

పిల్లలూ, మీలో బేస్‌బాల్ ఆడేవాళ్ళు చాలామందే ఉన్నారు కదా! బంతి విసిరేటప్పుడు భుజం నొప్పెడితే ఇంట్లో చెప్తారా? చెప్తే కోచ్ పక్కన కూర్చోబెడతారని చాలామంది చెప్పరు. నన్నడిగితే, నొప్పి కన్నా ఆ దాచడమే ఎక్కువ చెడ్డది.

ఎందుకో చూడండి. పెరిగే వయసులో ఎముక చివర కాస్త మెత్తటి భాగం ఉంటుంది. దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. అదే పనిగా బంతి విసిరితే భుజం దగ్గర ఆ భాగం దెబ్బ తింటుంది. దానికి ‘లిటిల్ లీగ్ షోల్డర్’ అని పేరు. ఎక్కువగా 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలకి వస్తుంది.

దీనికి మామూలుగా ఆపరేషన్ అక్కర్లేదు. సుమారు 3 నెలలు బంతి విసరడం మానాలి. ఫిజికల్ థెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలు చెయ్యాలి. తర్వాత కొద్ది దూరం నుంచి, మెల్లగా మళ్ళీ మొదలుపెట్టాలి. అంతే.

కానీ ఈ ‘అంతే’ దగ్గరే చిక్కు. ఆపరేషన్ అంటే ఇంటిల్లిపాదీ జాగ్రత్త పడతారు. ఇండియాలో అమ్మమ్మ గుడిలో మొక్కుకుంటుంది. విశ్రాంతి అంటే మాత్రం ఎవరికీ లెక్కలేదు. రెండు వారాలకి నొప్పి తగ్గగానే “తగ్గిపోయిందిగా, వెళ్ళి ఆడుకో” అనేది మా పెద్దవాళ్ళే! నొప్పి తగ్గడం వేరు, లోపల మానడం వేరు. రోజూ ఆ రబ్బరు బ్యాండు లాగడం బోరు కొడుతుంది, నిజమే. అయినా మందు అదే.

నేను అమెరికా వచ్చి ఏడాది కాలేదు. మా ఊళ్ళో క్రికెట్ ఆడే పిల్లలు చెయ్యి పడిపోయేదాకా బౌలింగ్ వేస్తారు, లెక్కపెట్టే నాథుడుండడు. ఇక్కడ లిటిల్ లీగ్‌లో 2007 నుంచి బంతులు లెక్కపెడుతున్నారు: 9-10 ఏళ్ళవాళ్ళకి రోజుకి 75, 11-12 ఏళ్ళవాళ్ళకి 85. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. కాకపోతే మీరు రెండు జట్లకి ఆడి, సాయంత్రం పెరట్లో నాన్నతో మళ్ళీ విసిరితే ఆ మొత్తం ఎవరు లెక్కపెడతారు? మీరే పెట్టుకోవాలి.

మా గుంటూరు వైపు భుజాన్ని జబ్బ అని కూడా అంటాం. నొప్పి వస్తే ఈ రాత్రే ఇలా చెప్పండి: “అమ్మా, బంతి విసిరితే జబ్బ నొప్పెడుతోంది. డాక్టరుకి చూపిద్దాం.”