రోగి మాస్కుకూ తహారత్

 

గత మాసం నంద్యాలలోని ఒక నర్సింగ్ హోముకు ఇయాదత్ నిమిత్తం వెళ్ళాము. రోగి కొలిమిగుండ్ల వైపు వృద్ధుడు. బెలుం గుహల చుట్టుపక్కల నాపరాతి గనులలోనే ఆయన జీవితం గడిచింది. ఇప్పుడు ఆయాసానికి మూడు పూటలా నెబ్యులైజర్ పెడుతున్నారు. మందు అయిపోగానే కుమారుడు మాస్కును మంచం అంచుకు తగిలించాడు. అది జారి నేలపై పడింది. చొక్కా చెంగుతో తుడిచి మళ్ళీ అక్కడే తగిలించాడు.

మేము ఊరుకోలేదు. రాత్రివేళ పాత్రలపై మూత ఉంచాలని, నీటితిత్తుల మూతి కట్టాలని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి గుర్తుచేశాము. "నాయనా, ఇది మీ అబ్బాజాన్ ఊపిరి పీల్చే పాత్ర" అంటూ మాస్కును మేమే ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి ముడివేశాము. సాయంత్రం మందు వేయడానికి వచ్చిన నర్సు ఆ ముడి విప్పి, లోపల పట్టిన చెమ్మను చూపింది. "మౌలానా గారూ, తడిగా ఉండగా మూస్తే ఇంకా ప్రమాదం. ముందు కడగాలి, ఆరబెట్టాలి" అన్నది. మాకు సిగ్గు వేసింది.

బెలుం గుహలు చూసినవారికి ఆమె మాట సులువుగా బోధపడుతుంది. 3,229 మీటర్ల పొడవైన ఆ గుహలలో కొంత దూరం నడిచేసరికే ఉక్కతో ఒళ్ళు తడుస్తుంది. సందర్శకులకు ఊపిరాడేందుకు పైనుండి గాలి మార్గాలు ఏర్పాటు చేయవలసి వచ్చింది. ముడివేసిన సంచిలోని తడి మాస్కుకు ఆ గాలి మార్గం కూడా లేదు. అందులో పెరిగిన క్రిములు మరుసటి పూట మందు తుంపరలతో కలిసి నేరుగా ఊపిరితిత్తులలోకి దిగుతాయి.

కాబట్టి ప్రతి మోతాదు తరువాత చేతులు కడుక్కొని, మాస్కును, మందు గిన్నెను విడదీసి, స్టెరైల్ నీటితోగానీ, మరిగించి చల్లార్చిన నీటితోగానీ కడగాలి. నీరు దులిపి, శుభ్రమైన గుడ్డపై గాలికి ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాతనే రోగి పేరు రాసిన శుభ్రమైన కవరులో పెట్టాలి. దిండు కిందా, పండ్ల సంచిలోనూ కాదు. పాత్రలో ఊపిరి వదలడాన్నే ప్రవక్త (స) వారించారు. ఇక ఒకరు ఊపిరి వదిలిన మాస్కును మరొకరికి తగిలించడం ఎలా తగును? సొంత అన్నదమ్ములకైనా వద్దు.

ఆక్సిజన్ గొట్టం దగ్గర బుడగలు వచ్చే సీసా విషయంలో మనవాళ్ళు మరింత పొరబడతారు. బోరు నీరు తాహిర్. దానితో వుజూ నిస్సందేహంగా నెరవేరుతుంది. కానీ ఆ సీసాకు అది పనికిరాదు. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ ప్రబలినప్పుడు, ఆక్సిజన్ ఇచ్చే హ్యూమిడిఫయర్లలో శుభ్రమైన స్టెరైల్ నీటినే వాడాలని ప్రభుత్వ వైద్య సంస్థలు సూచించాయి. మిగిలిన నీటిపై కొత్త నీరు పోయకూడదు. పాతది పారబోసి నింపాలి. ఆ నీరు ఎప్పుడు మార్చారని అడగడం మర్యాద తప్పడమేమీ కాదు. అయితే మృదువుగా అడగండి. ఒక్క నర్సు ఎన్ని పడకలు చూస్తున్నదో మేము కళ్ళారా చూశాము.

మరుసటి వారం వెళ్ళేసరికి గూటిలో తెల్లని రుమాలుపై మాస్కు ఆరుతున్నది. పక్కనే కవరు మీద పెద్దాయన పేరు అందమైన ఉర్దూ దస్తూరిలో ఉన్నది. నర్సుకు ఉర్దూ రాదు. తెలుగులో కూడా రాయమని ఆ అబ్బాయికి చెప్పి వచ్చాము.