బూజు కంటే ముందు పడిన గాయం

పండు కుళ్ళినప్పుడు మనం ఎండనో, వాననో, దూరప్రయాణాన్నో నిందిస్తాము. ఆ నష్టంలో మన చేతుల పాత్ర ఎంత ఉన్నదో ఆలోచించడం అరుదు. ఈ విషయాన్ని పాఠకుల ముందుంచడమే మా ఉద్దేశం.

నల్లగొండ ప్రాంతం బత్తాయి తోటలకు పేరుపొందినది. ఉర్దూ మాట్లాడే సోదరులు మోసంబీ అని పిలిచే ఈ పండుకు కోత అనంతరం ప్రధాన శత్రువు ‘పెనిసిలియం డిజిటేటం’ అనే శిలీంధ్రం. దీని సిద్ధబీజాలు తోటలో, గాలిలో, గంపలలో అంతటా ఉంటాయి. అయినప్పటికీ గాయం లేని తొక్కను ఛేదించే శక్తి దానికి లేదు. గోరు గీరిన చోట, ముల్లు గుచ్చుకొన్న చోట, తొడిమతోపాటు తొక్క ఊడిన చోట అది లోనికి ప్రవేశిస్తుంది. మొదట తొక్క మెత్తబడుతుంది. పిదప తెల్లని బూజు, దాని నడుమ ఆకుపచ్చని పొడి ఏర్పడతాయి. 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 3 నుండి 5 దినాలలోనే ఒక్క పండు మీద కోట్లాది సిద్ధబీజాలు తయారవుతాయి.

మామిడి సంగతి వేరు. ఆంత్రాక్నోస్ తెగులును కలిగించే శిలీంధ్రం కాయ పచ్చిగా ఉన్నప్పుడే తోటలో ప్రవేశించి, పండు మాగే వరకు నిద్రాణంగా ఉంటుంది. బత్తాయికి ద్వారం తెరిచేది మాత్రం చాలవరకు మనమే.

కొమ్మలు దులపడం, కాయలు లాగి తెంపడం, లారీలలో గుట్టలుగా నింపడం, మార్కెట్లో రాసులు పోయడం - ఇలా దశదశలోనూ పండు గాయపడుతున్నది. ఇన్ని చేతులు కలిసి చేసిన నష్టం ‘తరుగు’ పేరిట రైతు ఒక్కని లెక్కలో పడడం న్యాయమా?

మందులు లేకపోలేదు. కాని ఇమజాలిల్, థయాబెండజోల్ వంటి మందులకు లొంగని బూజు రకాలు వివిధ దేశాలలో ఇదివరకే బయలుదేరినవి. కత్తెరతో తొడిమను దగ్గరగా కోయడం, గోళ్ళు కత్తిరించుకోవడం, నున్నని పెట్టెలు వాడడం, కుళ్ళిన కాయను వెంటనే వేరుచేయడం మందు కంటే ముందు చేయవలసిన పనులు. ఇవి ప్రతి కొనుగోలుదారుడూ, ప్రతి హమాలీ, ప్రతి రైతూ పాటించదగినవి.

మన విద్యార్థులలో రైతుబిడ్డలు ఉన్నారు, పండ్ల వర్తకుల బిడ్డలు ఉన్నారు. సూక్ష్మదర్శినిలో చూచి, రికార్డు పుస్తకంలో బొమ్మ గీసిన పెనిసిలియంను గురించి ఇంటివద్ద నాలుగు మాటలు చెప్పినచో ఆ చదువు సార్థకమవుతుందని మా విశ్వాసం.