ఆ తెల్లని ఆకారము ఎవరిది?



నీ యింటిలోనో పొరుగింటిలోనో కెమెరా పిచ్చిగల యువకుడొకడు ఉండియే యుండును. ఈ దినములలో కెమెరా కొనుటకై ఎవరును డబ్బు కూడబెట్టనక్కరలేదు. చేతిలోని ఫోనే కెమెరా. శనివారము రాత్రి భోజనము కాగానే అతడు ఇద్దరు స్నేహితులతో కలిసి, మోటారుసైకిలు మీద నయాపుల్ దాటి పాతబస్తీకి పోవును. చార్మినారు దీపములు అతనికి అక్కరలేదు. కూలిన దేవిడీలు, సున్నము రాలిన గోడలు, సమాధుల తోటలు, ఊడలు దిగిన మర్రిచెట్లు, ఇవి కావలెను. తెల్లవారునప్పటికి ఆ ఫొటోలు వందలమంది ఫోనులలో నుండును. వాటి క్రింద ఒక మాట వ్రాసియుండును: ఇచ్చట దయ్యము కలదు.

ఆ మాటతోనే నాకు పోరు. ఫొటోతో కాదు.

చీకటిలో ఫొటోలు తీయుటయే తప్పని చెప్పు పెద్దలు మనలో నున్నారు. నేను వారి పక్షమున నిలువను. పిసల్‌బండలోని పైగా సమాధులను చూచితివా? 1786లో అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌ను అచ్చట పాతిపెట్టిరి; తరువాత ఆ వంశమువారు తరతరములుగా అచ్చటనే విశ్రమించుచున్నారు. సున్నపు గచ్చుతో చేసిన పువ్వులు, సన్నని జాలీ తెరలు చూచినకొలది చూడవలె ననిపించును. ఎండ వాలినప్పుడు ఆ జాలీల నీడ నేలమీద ప్రాకుచుండగా ఒంటరిగా నిలువబడి చూడుము; వెన్నులో చలి పుట్టును. ఆ చలి అబద్ధము కాదు. దానిని ఫొటోలో పట్టగలిగినవాడు మంచి పనివాడు. అతని చేయి పట్టుకొని మెచ్చుకొందును. అయితే ఆ నీడకు కోరలు తగిలించువానితో నాకు పని లేదు.

ఈ దయ్యములు ఎట్లు పుట్టునో వినుము. రాత్రివేళ వెలుతురు చాలదు గనుక కెమెరా తన కన్ను ఎక్కువసేపు తెరచియుంచవలెను. ఆ పది సెకండ్లలో అయిదు సెకండ్లు నిలిచి తొలగిపోయిన మనిషి, వెనుకనున్న గోడ కనబడునట్లు పలుచనై ఫొటోలో పడును. ఫోనులలోని రాత్రి ఏర్పాటు కూడ ఇట్టిదే. అది అనేక ఫొటోలు వరుసగా తీసి ఒకటిగా కలుపును, నడచువాని ముఖము అందులో చెదరిపోవును. ఇక గాలిలో తేలు తెల్లని గుండ్రని బింబములు! అవి ఆత్మలట. కటకము దగ్గరనే ఎగురుచున్న దుమ్ముమీదనో వానతుంపరమీదనో ఫ్లాషు వెలుతురు పడి తిరిగివచ్చుటచేత అవి పుట్టును. పాతబస్తీలో దుమ్మునకు కొదువలేదు గనుక అచ్చట ఆత్మలకును కొదువలేదు.

ఈ సంగతి ఫొటో పుట్టిననాటిదే. 1838లో డాగ్వేర్ పారిస్‌లోని ఒక పెద్ద వీధిని ఫొటో తీసెను. బండ్లు, గుఱ్ఱములు, జనులు కిక్కిరిసిన ఆ వీధి ఫొటోలో స్మశానమువలె నున్నది. కదలినవారెవరును ఫలకమునకు అందలేదు. కదలక నిలువబడి బూట్లు తుడిపించుకొనుచున్న ఒకడు మాత్రము స్పష్టముగా మిగిలెను. కెమెరా కదలని వానిని పట్టును, పనిమీద పోవువానిని తుడిచివేయును, దీనిని జ్ఞాపకముంచుకొనుము.

తరువాత ఈ లోపమును వ్యాపారము చేసినవారు వచ్చిరి. అమెరికాలో విలియం మమ్లర్ అనువాడు చనిపోయిన బంధువుల రూపములు ఫొటోలో వెనుక నిలుచునట్లు చేసి డబ్బు గడించెను. 1869లో న్యూయార్కులో అతనిని విచారణకు నిలిపిరి. సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. ఇంగ్లండులో విలియం హోప్ ఇదే పని చేయుచుండగా, 1922లో హారీ ప్రైస్ రహస్యముగా గురుతువేసిన ఫలకములతో పోయి పరీక్షించెను. దయ్యము వచ్చిన ఫలకముమీద ఆ గురుతు లేదు! ఫలకము మారిపోయినది. అయినను హోప్ పక్షమున పుస్తకము వ్రాసినది ఎవరనుకొందువు? షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయల్. మొదటి ప్రపంచయుద్ధమునకు తరువాత, కన్నకొడుకులను పోగొట్టుకొన్న ఇండ్లలోని దుఃఖమే ఆ వ్యాపారమునకు పెట్టుబడి. డాయల్ కూడ తన కొడుకును పోగొట్టుకొన్నవాడే.

"మేము డబ్బు కొరకు చేయుటలేదు, ఇది వినోదము" అని మన యువకులందురు. నా మేనల్లుడును అట్లే అన్నాడు. ఒక దేవిడీ ముంగిట తీసిన ఫొటో నాకు చూపెను. విరిగిన కమాను, దానిక్రింద కాళ్లులేని తెల్లని ఆకారము. ఫొటో బాగుగనే యున్నది. నాకును ఒక క్షణము గుండె ఝల్లుమన్న మాట దాచను. "మామయ్యా, దీనిని నలుబదివేలమంది చూచినారు" అన్నాడు. "ఒరే, ఆమె ఎవరు?" అంటిని. "ఆమె ఏమిటి మామయ్యా, అది దయ్యము" అని నవ్వెను.

మరుసటి ఆదివారము మధ్యాహ్నము నేనే వానిని వెంటబెట్టుకొని ఆ దేవిడీకి పోతిని. అచ్చట కాపలాదారుని కుటుంబము కాపురమున్నది. పాలమూరు వైపునుండి బ్రదుకుతెరువుకై వచ్చినవారు. ఆ యిల్లాలికి ఫొటో చూపితిమి. చాలసేపు చూచినది. తన తెల్లచీర, తన నడుముమీది బిందె పోల్చుకొన్నది.

"నేను దయ్యంలెక్క కనిపిస్తున్ననా బిడ్డా? పొద్దుగూకినంక నీళ్లకు పోయిన, గంతే" అన్నది. తరువాత నావైపు తిరిగి, "గందుకేనా సారూ, వారంసంది రాత్రిపూట పోరగాండ్లు గోడదుంకి వస్తున్నరు? మా పిల్లకు సంబంధాలు సూస్తున్నం. దయ్యాల కొంపంటే ఎవలొస్తరు?" అన్నది.

నా మేనల్లుడు తన చెప్పులవైపు చూచుచు నిలిచెను. చదువరీ, వినోదమనుచున్నావే, ఆ వినోదపు ఖర్చు ఎవరి పద్దులో పడినదో చూచితివా? ఒక ఇంటికి దయ్యాలకొంప అను పేరు వచ్చిన తరువాత దానికి సున్నము కొట్టించువాడుండడు, అద్దెకు వచ్చువాడుండడు. పడగొట్టవలెనని కాచుకొనియున్నవానికి మాత్రము ఆ పేరు కలిసివచ్చును. ముందు కమాను కూలును. ఆ తరువాత ఫొటో తీయుటకైనను అచ్చట ఏమియు మిగులదు.

పాతబస్తీలో నిజముగా భయపడవలసిన సంగతులు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరముమీదికి వచ్చెను. సుమారు 15,000 మంది చనిపోయిరని చెప్పుదురు. ఆ ప్రళయము తరువాతనే విశ్వేశ్వరయ్యను పిలిపించి ఆలోచన అడిగిరి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ సిద్ధమైనవి. పాతబస్తీకి ఎదురుగా మూసీ ఆవలి గట్టున, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో, ఆనాటి చింతచెట్టు ఒకటి నేటికిని నిలిచియున్నది. వరద వచ్చిననాడు సుమారు 150 మంది దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరి.

చింతచెట్టు! మన అమ్మమ్మలు మనకు అన్నము తినిపించుచు ఏ చెట్టుమీద దయ్యమున్నదని చెప్పిరి? చింతచెట్టుమీదనే గదా. రాత్రివేళ దాని మొదట నిలిచి కెమెరా పైకెత్తి ఫొటో తీయుము. వంకర కొమ్మలు, నల్లని ఆకుల గుంపు, వెనుక మసక ఆకాశము. నలుబదివేలు కాదు, నాలుగు లక్షలమంది చూతురు. ఆ కొమ్మలను తల్లులు బిడ్డలతో కరచిపట్టుకొనియుండగా క్రింద నీళ్లు పరుగెత్తినవని వారిలో ఒక్కనికైన తెలియునా? నిజముగా ఒడలు గగుర్పొడిచే సంగతి అదే. దానికి దయ్యము తోడు అవసరమా?

నాటి రాత్రి దోనెలోనున్న శిష్యులు కూడ, తమ కొరకు నీళ్లమీద నడచివచ్చువానిని చూచి భూతమనుకొని కేకలు వేసిరి. వారి చేతిలో కెమెరా లేకపోయెను. కొంచెముసేపటికి ఆయన స్వరము వినిరి గనుక ఆ కేక అంతటితో ఆగెను. ఫొటోకు స్వరము లేదు. క్రింద ఏమి వ్రాసిన అదే దాని మాట.

నా మేనల్లుడు ఆ ఫొటోను తొలగించెను. ఇతరులు దానిని తీసికొని పంచుకొన్నవి ఎన్నియో, వాటిని అతడు తొలగించలేడు. ఆనాడే ఆ యిల్లాలిని కమానుక్రింద పగటి వెలుతురులో కూర్చుండబెట్టి, ప్రక్కన కూతురును నిలువబెట్టి మరియొక ఫొటో తీసెను. పిల్ల సిగ్గుపడి నవ్వినది. సంబంధమువారికి చూపుటకు ఆ ఫొటోను కాగితముమీద అచ్చువేయించి ఇమ్మని తల్లి అడిగినది. ఇది జరిగి రెండు నెలలైనది. అచ్చువేయించితివా అని వానిని నేను మూడుమారులు అడిగితిని. ఈ ఆదివారమైన పోవుదునని చెప్పుచున్నాడు.