మూడు రోజుల హామీ

2026కు ముందు చాలామందికి పనో చదువో ఉద్యోగ ప్రయత్నమో ఉంటేనే చైల్డ్‌కేర్ సబ్సిడీ. పిల్లల్ని ఎక్కడైనా వదిలితేనే ఉద్యోగ ప్రయత్నం. ఆస్ట్రేలియా వచ్చిన మనలో చాలామందిమి ఈ ముడి దగ్గరే ఆగిపోయాం. అమ్మో అత్తయ్యో విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నన్నాళ్లు గడుస్తుంది. వాళ్లు విమానం ఎక్కాక కథ మళ్లీ మొదటికే.

2025 ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆ ముడిని కొంత వదులు చేసింది. 2026 జనవరి 5 నుంచి, అర్హత ఉన్న ప్రతి కుటుంబానికీ రెండు వారాలకు కనీసం 72 గంటలు, అంటే వారానికి మూడు రోజులు సబ్సిడీ. మీరు ఎన్ని గంటలు పనిచేస్తున్నారని అడగరు. ఇద్దరూ రెండు వారాల్లో 48 గంటలకు మించి పనో చదువో ఉద్యోగ ప్రయత్నమో చేస్తుంటే 100 గంటలు.

గంటలు పెరిగినా, ఫీజులో ఎంత శాతం ఇస్తారన్నది కుటుంబ ఆదాయాన్ని బట్టే. అందుకే కొత్త ఉద్యోగం రాగానే మైగవ్‌లో ఆదాయం అంచనా మార్చండి. సెంటర్‌లింక్ మామూలుగా 5 శాతం ఆపి ఉంచుతుంది కానీ, ఏడాది చివర లెక్కలో అది చాలకపోతే మిగతాది మనమే కట్టాలి.

బాధ ఒక్కటే. టెంపరరీ వర్క్ వీసా మీద ఉన్న కుటుంబాల్లో ఎక్కువమందికి ఇది అందదు. పన్ను అందరిలాగే కడతారు, క్రెష్ ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి. ఇద్దరిలో ఒకరికి పీఆర్ వచ్చినా చాలు, ఆ వారమే క్లెయిమ్ వేయండి. ఆలస్యమైతే వెనక్కి 28 రోజులకే లెక్కిస్తారు.