కొమ్మ కనిపెట్టిన రైతుకే ఫలం దక్కాలి

తీగ గులాబీల్లో చాలా రకాలు ఏడాదికి ఒక్కసారే పూస్తాయి. అమెరికాలో 1910లో వచ్చిన ‘డాక్టర్ వాన్ ఫ్లీట్’ కూడా అలాంటిదే. అయితే ఆ రకంలో ఒక మొక్క మళ్ళీ మళ్ళీ పూయసాగింది. న్యూజెర్సీ వాసి హెన్రీ బోసెన్‌బర్గ్ దాన్ని వేరుచేసి పెంచి, 1931 ఆగస్టు 18న హక్కు పొందాడు. అమెరికాలో మొక్కకు దక్కిన మొట్టమొదటి పేటెంటు అదే. ఆ గులాబీ పేరు ‘న్యూ డాన్’.

కొమ్మ గుణం మారడం ప్రకృతి సహజం. మన తోటల్లోనూ అలాంటి కొమ్మ కంటపడవచ్చు. గింజ వేస్తే ఆ గుణం నిలవదు, ఆ కొమ్మ నుంచే అంటు కట్టాలి. ఎవరో వచ్చి పుల్ల కోసుకుపోతే పేరూ, డబ్బూ వారివే. రైతుకు మిగిలేది ముల్లే.

మన దేశంలో మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లోనే వచ్చింది. రైతు తన రకాన్ని రుసుము లేకుండా నమోదు చేయించుకోవచ్చు. గులాబీకీ ఇది వర్తిస్తుంది. పొరుగువాడికి అంటు ఇవ్వకూడదా అని కొందరి సందేహం. ఇచ్చిపుచ్చుకోవడం మన ఆచారం. రైతులు పరస్పరం మార్చుకోవడాన్ని ఈ చట్టం కాదనదు. లాభం మింగే వ్యాపారికే అది అడ్డు.

చట్టం ఉండీ రైతుకు తెలియకపోతే ఏం లాభం? ఉద్యాన శాఖ అధికారులు గ్రామసభల్లో ఈ విషయం చెప్పాలి. దరఖాస్తులు తెలుగులో అందించి, దగ్గరుండి నింపించాలి. రైతులు కూడా వింత కొమ్మ కనబడితే, అమ్మే ముందు అధికారులకు చూపాలి.